నవంబర్ 30 ఎవరికి? బిల్లులో తప్పుల దిద్దుబాటు గురించి జీఎస్టీ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జీఎస్టీ మండలి అధ్యక్షులకు, సభ్యులైన రాష్ట్రాల మంత్రులకు,

నమస్కారం.

మేము చిన్న వ్యాపారుల పద్దులు చూసే అకౌంటెంట్లం, టాక్స్ ప్రాక్టీషనర్లం. ఈ లేఖ పన్ను రేట్ల గురించి కాదు. పన్ను ఎగ్గొట్టేవాళ్ల తరఫున అసలే కాదు. పన్ను పైసలతో సహా కట్టేసి, బిల్లు మీద ఒక నంబరో ఒక రాష్ట్రం పేరో తప్పు పడినవాళ్ల గురించి రాస్తున్నాం. పన్ను ఖజానాకు చేరుతుంది, సరుకు కొన్న పార్టీకి చేరుతుంది. చేరనిది కొన్నవాడి ఐటీసీ ఒక్కటే, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్. దాన్ని సరిచేసుకునే దారి చట్టంలో ఉంది, కానీ తప్పు బయటపడే వేళకు ఆ దారి మూసుకుపోయి ఉంటోంది. మా ఫిర్యాదంతా దాని గురించే.

ముందుగా తప్పు ఎలా పడుతుందో చూడండి. హైదరాబాద్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర గుమాస్తా బిల్లు కొడుతున్నాడు. పార్టీ పేరు మొదటి మూడు అక్షరాలు కొట్టగానే ఒకే పేరుతో రెండు లెడ్జర్లు వస్తాయి. ఒకటి ఆ కంపెనీ తెలంగాణ రిజిస్ట్రేషన్, 36తో మొదలవుతుంది. రెండోది ఆంధ్రప్రదేశ్‌ది, 37తో మొదలవుతుంది. పాన్ ఒకటే కాబట్టి తర్వాతి పది అక్షరాలూ అవే. గుమాస్తా ఎంటర్ కొడతాడు, పైనున్న 36 పడుతుంది. జీఎస్టీ నంబర్లో పదిహేనో అక్షరం చెక్ డిజిట్. ఒక అంకె తప్పు కొడితే అది పట్టుకుంటుంది. ఇక్కడ నంబరు నిఖార్సైనదే, పార్టీయే వేరు, కాబట్టి ఏ వడపోతా ఆపదు. తెలంగాణ పార్టీ అనుకుని సాఫ్ట్‌వేర్ రాష్ట్రంలోపలి అమ్మకానికి పడే కేంద్ర, రాష్ట్ర వాటాలు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తుంది. సరుకు మాత్రం కర్నూలు వెళ్లి దిగుతుంది. ఆ కంపెనీ ఆంధ్ర శాఖవాళ్లు నెల తిరిగాక 2బీ, అంటే పోర్టల్ తయారుచేసే తమ నెలవారీ ఐటీసీ జాబితా, తెరిస్తే బిల్లు కనబడదు. ఒక్క ఎంటర్‌తో రెండు తప్పులు: నంబరూ తప్పే, పన్ను పద్దూ తప్పే.

ఇంకొకటి, చదువుకున్నవాళ్లూ పడే గుంట. విజయవాడ వ్యాపారి హైదరాబాద్ వ్యాపారి దగ్గర సరుకు కొని, దాన్ని హైదరాబాద్‌లోనే ఉన్న తన కస్టమరు గోదాముకు పంపమంటాడు. లారీ ఊరు దాటలేదు కదా అని అమ్మినవాడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తాడు. కానీ రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది పన్నుకు ఉన్న ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(బి) ప్రకారం సరుకు ఎక్కడ దిగినా, పంపమని చెప్పినవాడి ప్రధాన వ్యాపార స్థలమే సరఫరా స్థలం. అంటే ఆంధ్రప్రదేశ్. పడాల్సింది ఐజీఎస్టీ. లారీ దారిని చూసి పన్ను వేసేవాడిది తెలివితక్కువ అనలేం. చట్టం లోకజ్ఞానానికి ఎదురు నడిచే చోట తప్పులు ఎక్కువే పడతాయి.

రేట్ల సంగతి. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకుల్లో అత్యధికం 5కో 18కో మారింది. ఆ రోజు సాఫ్ట్‌వేర్‌లోని సరుకుల జాబితా, అంటే ఐటెం మాస్టర్‌లో రేటు మార్చుకోనివాళ్లు, మార్చినా కొన్ని సరుకులు మరిచినవాళ్లు, పాత బిల్లు కాపీ చేసి తేదీ మాత్రం దిద్దినవాళ్లు బోలెడంత మంది. పాత రేటుకు అమ్మిన సరుకు ఆ తేదీ తర్వాత తిరిగొస్తే, బిల్లు మొత్తం తగ్గించే క్రెడిట్ నోటు ఏ రేటుకు ఇవ్వాలన్నది ఇంకో చిక్కు. అసలు బిల్లులో ఏ రేటు వేశారో ఆ రేటుకే ఇవ్వాలి, ఎందుకంటే వెనక్కి పోతున్నది ఆ బిల్లు మీది పన్నే. ఇది తెలియక కొత్త రేటుకు ఇచ్చినవాళ్లు తేడా సొమ్మును చేజేతులా వదులుకున్నారు.

బిల్లు నంబర్ల తప్పులు చూడ్డానికి చిన్నవి. రూల్ 46 ప్రకారం నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, గుర్తుల్లో అడ్డగీత, ఏటవాలు గీత మాత్రమే వాడాలి. ఏప్రిల్ 1న సిరీస్ మార్చడం మరిచిపోవడం, కంప్యూటర్ బిల్లులూ చేతిరాత బిల్లు బుక్కూ ఒకే సిరీస్‌లో నడపడం, సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం పడటం, ఇవీ రోజూ చూసేవి. ఇంతకంటే ప్రమాదం చెప్పకుండా బిల్లు చింపేసి అదే నంబరుతో మరొకటి కొట్టడం. పాత కాపీ అప్పటికే లారీతో వెళ్లిపోయి ఉంటుంది. రద్దయిన నంబరును అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 టేబుల్ 13లో రద్దు కిందే చూపించాలని మా వ్యాపారులకు చెప్పీ చెప్పీ అలసిపోయాం. ఈ తప్పు మా వైపుదే, ఒప్పుకుంటున్నాం.

ఇక దిద్దుబాటు. మామూలు మనిషి అనుకునేది ఏమిటి? తప్పు బిల్లు వెనక్కి తీసుకుని, సవరించిన బిల్లు ఇస్తే సరిపోతుందని. చట్టంలో రివైజ్డ్ ఇన్‌వాయిస్ అన్న మాట ఉంది కూడా. కానీ సెక్షన్ 31(3)(ఎ) దాన్ని ఒకే ఒక్క సందర్భానికి కట్టేసింది: రిజిస్ట్రేషన్ అమల్లోకి వచ్చిన తేదీకీ సర్టిఫికెట్ చేతికొచ్చిన తేదీకీ మధ్య ఇచ్చిన బిల్లులకు, అదీ నెల లోపు. తప్పు నంబరు సవరించడానికి అది పనికిరాదు. పేరు విని ఆశపడ్డవాడికి లోపల ఏమీ లేదు.

మిగిలినవి సెక్షన్ 34 కింద క్రెడిట్ నోటు, డెబిట్ నోటు. రేటు ఎక్కువ పడినా, ధర ఎక్కువ పడినా, సరుకు తిరిగొచ్చినా, నాసిరకమని తేలినా క్రెడిట్ నోటు. తక్కువ పడితే డెబిట్ నోటు, దానితో వడ్డీ. విలువలో తేడా ఉన్నంతవరకు ఇవి చక్కగా పనిచేస్తాయి. విలువంతా సరిగ్గా ఉండి పార్టీ నంబరు మాత్రమే తప్పితే వీటికి సెక్షన్ 34లో చోటు లేదు. అప్పుడు చేయాల్సింది తర్వాతి జీఎస్టీఆర్-1లో టేబుల్ 9ఎ తెరిచి, పాత బిల్లు నంబరు, తేదీ ఇచ్చి, సరైన పార్టీ నంబరుతో సవరించడం. బీ2బీ (రిజిస్టర్డ్ పార్టీకి ఇచ్చిన) బిల్లును పొరపాటున బీ2సీలో (రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అమ్మిన లెక్కలో) కలిపేస్తే ఇంకాస్త పని: టేబుల్ 10లో ఆ మొత్తం తగ్గించి, ఆ బిల్లును మళ్లీ బీ2బీ కింద కొత్తగా ఎక్కించాలి.

2024లో మీరు తెచ్చిన జీఎస్టీఆర్-1ఎ మంచి పని. జీఎస్టీఆర్-1 వేశాక, పన్ను కట్టే రిటర్న్ 3బీ వేసేలోపు ఆ నెల తప్పు ఆ నెలలోనే దిద్దుకోవచ్చు. ఒక పిరియడ్‌కు ఒకసారే అన్నా ఫరవాలేదు. కానీ అందులో పార్టీ జీఎస్టీ నంబరు మార్చనివ్వరు. మా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చే తప్పు అదే, దాన్నే గడప బయట నిలబెట్టారు. ఆ వ్యాపారి తర్వాతి నెల దాకా ఆగాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడు ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆగాలి. ఈలోగా తప్పు బిల్లు సంబంధం లేనివాడి పోర్టల్‌లో, బిల్లులను ఒప్పుకునే లేదా తిరస్కరించే ఐఎంఎస్‌లో కూర్చుంటుంది. అతను దాన్ని తిరస్కరించకపోతే, ఏమీ నొక్కకపోతే, ఒప్పుకున్నట్టే లెక్క. తనది కాని బిల్లు తన 2బీలో చేరుతుంది. తీసుకుంటే తప్పు, తీసుకోకపోతే సరిపోల్చేటప్పుడు తలనొప్పి.

అసలు విషయానికి వస్తున్నాం. 2024-25లో పడిన తప్పును దిద్దడానికి, దాని మీద క్రెడిట్ నోటు చూపడానికి, ఐటీసీ తీసుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 2025 నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఏది ముందైతే అది. ఆ వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9కు గడువు డిసెంబర్ 31. టర్నోవర్ 2 కోట్లు దాటినవాళ్లు ఏడాది బిల్లులన్నీ వరసగా పేర్చి, 2బీతో, పద్దులతో సరిపోల్చేది ఈ రిటర్న్ కోసమే. తప్పులు బయటపడేది ఆ డిసెంబర్‌లోనే. దిద్దే తలుపు అప్పటికి నెల రోజుల కిందటే పడిపోయింది. జవాబు పత్రాలు వెనక్కి తీసుకున్నాక ప్రశ్నపత్రం ఇచ్చినట్టుంది ఈ వరస.

చిన్నవాడి విషయంలో ఆ నవంబర్ 30 కూడా పూర్తిగా దక్కదు. ఇది మండలి దృష్టికి వచ్చిందో లేదో కాస్త వివరంగా చెబుతాం. 5 కోట్ల దాకా టర్నోవర్ ఉన్నవాళ్లకు మీరే క్యూఆర్‌ఎంపీ ఇచ్చారు, మూడు నెలలకో రిటర్న్. నెలనెలా వేసే పెద్ద వ్యాపారి అక్టోబర్ నెల జీఎస్టీఆర్-1లో సవరణ పెడతాడు. గడువు నవంబర్ 11 అయినా, ఆలస్య రుసుముతో నవంబర్ 30 లోపు వేసుకోగలడు. త్రైమాసికం వాడికి అక్టోబర్-డిసెంబర్ రిటర్న్ వేసేది జనవరి 13కి. అప్పటికి కథ ముగిసింది. అతని చేతిలో మిగిలేవి రెండే: జులై-సెప్టెంబర్ రిటర్న్, అంటే అక్టోబర్ 13, లేదా అక్టోబర్ నెలకు, త్రైమాసికం మొదటి రెండు నెలల బిల్లులు ముందే ఎక్కించే ఐఎఫ్‌ఎఫ్, అంటే నవంబర్ 13. పదమూడు దాటితే ఐఎఫ్‌ఎఫ్ తెరుచుకోదు, ఆలస్య రుసుము కడతానన్నా సరే. పైగా ఐఎఫ్‌ఎఫ్‌లో రిజిస్టర్డ్ పార్టీల బిల్లులు, నోట్లు, వాటి సవరణలే పడతాయి. బీ2సీ సవరణకు అందులో టేబులే లేదు. బీ2సీలో కలిసిపోయిన బీ2బీ బిల్లును బయటికి తీయాలంటే జులై-సెప్టెంబర్ రిటర్నే ఆఖరు. వెసులుబాటు పేరుతో చిన్నవాడికి ఇచ్చిన పథకం అతని గడువునే కోసేసింది. కావాలని ఎవరూ చేసి ఉండరు. రెండు నియమాలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు, అంతే.

గడువు దాటితే ఏమవుతుందో ఒక బిల్లు మీద లెక్క చూడండి. సరుకు విలువ 2,00,000, పన్ను 18 శాతం, అంటే 36,000. బిల్లు 2,36,000. తన 2బీలో బిల్లు కనబడని పార్టీ 2,00,000 పంపి 36,000 ఆపేస్తుంది. ఆపడం న్యాయమే, 2బీలో లేని ఐటీసీ వాడుకోకూడదు, తేడా నిర్ణీత హద్దు దాటితే వాళ్లకు రూల్ 88డి కింద ఏడు రోజుల గడువుతో నోటీసు వస్తుంది. అమ్మినవాడు ఆ 36,000 ఎప్పుడో కట్టేశాడు. ఆ బిల్లు మీద లాభం 5 శాతం అనుకున్నా 10,000. ఒక్క తప్పుకు మూడున్నర బిల్లులకు పైగా లాభం పోయింది.

పన్ను పద్దే మారిపోయిన చోట, అంటే పైన చెప్పిన లారీ ఉదాహరణలో, సెక్షన్ 77 ఉంది. సరైన పద్దు కింద 36,000 ఐజీఎస్టీ మళ్లీ కట్టాలి, వడ్డీ లేదు, అది మేలే. తర్వాత పాత 18,000 సీజీఎస్టీ, 18,000 ఎస్‌జీఎస్టీ కోసం రీఫండ్ దరఖాస్తు ఆర్‌ఎఫ్‌డీ-01 పెట్టుకోవాలి, సరైన పద్దు కింద కట్టిన తేదీ నుంచి రెండేళ్ల లోపు. గడువులోపల అయితే క్రెడిట్ నోటు, కొత్త బిల్లుతో సర్దుకునేవాళ్లున్నారు. అలా సర్దుకుంటే ఈ రీఫండ్ రాదని 2021 సెప్టెంబర్ 25 నాటి 162వ సర్క్యులర్ చెబుతోంది. రెండు దారులూ కలిపి తొక్కినవాళ్లు ఇరుక్కుంటారు. రీఫండ్ వచ్చేదాకా ఒకే అమ్మకానికి 72,000 ప్రభుత్వం దగ్గర ఉంటుంది. గడువు దాటాక కట్టిన ఐజీఎస్టీ కొన్నవాడి 2బీకి చేరే మార్గమూ ఉండదు.

శిక్షల విషయంలో చట్టం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంది. సెక్షన్ 126 చిన్న ఉల్లంఘనలకు, అంటే 5,000 లోపు పన్ను ఉన్నవాటికి, దురుద్దేశం లేకుండా పడి తేలిగ్గా దిద్దగల రాతతప్పులకు జరిమానా వద్దంటుంది. అదే సెక్షన్‌లో ఆరో ఉపసెక్షన్, జరిమానా స్థిర మొత్తంగా ఉన్న చోట ఈ రాయితీ వర్తించదంటుంది. సెక్షన్ 122(1)(i) తప్పు బిల్లును, దొంగ బిల్లును ఒకే గాట కట్టి 10,000, లేదా ఎగవేసిన పన్ను, ఏది ఎక్కువైతే అది వేయమంటుంది. 10,000 స్థిర మొత్తమే కదా అని అధికారి రాస్తే, చిన్నవాడు అప్పీలుకు వెళ్లే ఖర్చే అంతకు మించుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు.

ఇలా కాకుండా చేయగలరని మీరే చూపించారు. సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు విషయంలో 2018 సెప్టెంబర్ 14 నాటి 64వ సర్క్యులర్ ఏ తప్పులు చిన్నవో విడమరిచి రాసింది: జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండి పేరులో అక్షరం తప్పడం, వాహనం నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పడం, పత్రం నంబరులో ఒకటి రెండు అంకెలు, సరుకు కోడ్ హెచ్‌ఎస్‌ఎన్‌లో మొదటి రెండంకెలు, పన్ను రేటు సరిగ్గా ఉండి మిగతావి తప్పడం, ఇలాంటివి. వీటికి కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద చెరో 500, మొత్తం 1,000 రూపాయలతో లారీ కదులుతుంది. ఆ సర్క్యులర్ వచ్చాక తనిఖీల దగ్గర వాదన తీరే మారింది, ఎందుకంటే డ్రైవర్ చేతిలో చూపించడానికి ఒక కాగితం ఉంది. ఈ-వే బిల్లుకు ఉన్న ఆ జాబితా అసలు బిల్లుకు మాత్రం లేదు.

నిజానికి బిల్లుకూ పునాది ఉంది. రూల్ 36(2) ప్రకారం పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, అంతర్రాష్ట్రమైతే సరఫరా స్థలం ఉంటే చాలు, మిగతా లోపాల వల్ల ఐటీసీ పోదు. అయినా పిన్‌కోడ్ తప్పిందని, వీధి పేరు తప్పిందని పెద్ద కంపెనీల బిల్లుల విభాగాలు బిల్లు తిప్పి పంపుతున్నాయి. ఈ రూల్ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

తప్పు జీఎస్టీ నంబరు పడినచోట, బీ2బీ బదులు బీ2సీ పడినచోట ఏం చేయాలో కూడా మీ దగ్గర తయారుగానే ఉంది. 2022 డిసెంబర్ 27 నాటి 183వ సర్క్యులర్‌లో, ఒక సరఫరాదారుతో తేడా 5 లక్షలు దాటితే సీఏ లేదా సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) ధ్రువపత్రం, దాటకపోతే సరఫరాదారు ధ్రువపత్రమే చాలన్నారు. అది 2017-18, 2018-19లకే. తర్వాత 193వ సర్క్యులర్ దాన్ని 2021 డిసెంబర్ 31 దాకా పొడిగించింది. అక్కడితో ఆగిపోయింది. 2022 జనవరి 1 నుంచి 2బీలో ఉంటేనే ఐటీసీ అన్న నియమం వచ్చింది కాబట్టి ఆపారని మాకు తెలుసు. కానీ ఆ తేదీతో గుమాస్తాల వేళ్లు తప్పు కొట్టడం మానలేదు.

సుప్రీంకోర్టు 2025 మార్చి 21న అబెర్‌డేర్ టెక్నాలజీస్ కేసులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు పిటిషన్ కొట్టేస్తూ, రాతతప్పులు, లెక్కతప్పులు దిద్దుకునే హక్కు వ్యాపారం చేసుకునే హక్కులోంచే వస్తుందని, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నది కాదనడానికి కారణం కాజాలదని చెప్పింది. 36,000 రూపాయల పన్ను కోసం హైకోర్టు మెట్లెక్కే చిన్న వ్యాపారి ఉండడు. ఆ మాట పోర్టల్‌లోకి దిగితేనే అతనికి పనికొస్తుంది.

అందుకే అడుగుతున్నాం. సవరణ గడువును జీఎస్టీఆర్-9 గడువుతో కలిపి డిసెంబర్ 31 చేయండి. దానికి చట్ట సవరణ కావాలి, సమయం పడుతుంది, తెలుసు. అప్పటిదాకా పోర్టల్‌లో చేయగలిగిన పని ఒకటుంది: త్రైమాసికం వాళ్లకు ఐఎఫ్‌ఎఫ్‌ను ఒక్క నవంబర్ నెలలో 30వ తేదీ దాకా తెరిచి ఉంచి, అందులో టేబుల్ 10 కూడా ఇవ్వండి. జీఎస్టీఆర్-1ఎలో పార్టీ జీఎస్టీ నంబరు మార్చనివ్వండి. దొంగ ఐటీసీ భయం ఉంటే పాత నంబరువాడు ఐఎంఎస్‌లో తిరస్కరించాకే మార్పు పడేలా పెట్టండి, అభ్యంతరం లేదు. 183వ సర్క్యులర్ పద్ధతిని తేదీ పరిమితి లేకుండా శాశ్వతం చేయండి. 64వ సర్క్యులర్ లాంటి జాబితాను బిల్లులకూ విడుదల చేసి, రూల్ 36(2)ను దాని తలమీద పెట్టండి. పద్దు మారిన పన్నును మళ్లీ కట్టించుకుని రీఫండ్ ఇచ్చే బదులు కేంద్రం, రాష్ట్రం మధ్య సర్దుబాటుగా లెడ్జర్‌లోనే మార్చండి.

బిల్లును పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ గురించి ఒక ముక్క. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదైనా 5 కోట్లు దాటినవాడు, తర్వాత టర్నోవర్ పడిపోయినా ఇందులోనే ఉంటాడు. అందులో బిల్లుకు వచ్చే నంబరు ఐఆర్‌ఎన్, దాని రద్దుకు 24 గంటలే గడువు. ఈ-వే బిల్లు బతికి ఉంటే ముందు దాన్ని రద్దు చేయాలి. దారిలో అధికారి తనిఖీ చేసి ఉంటే అదీ రద్దు కాదు. శనివారం సాయంత్రం కొట్టిన బిల్లులో తప్పు పార్టీ గుమాస్తాకు కనపడేది సోమవారం. కనీసం 72 గంటలు ఇవ్వండి. ఈ-వే బిల్లును తిరస్కరించడానికి అందుకునేవాడికి మీరిచ్చిన గడువు కూడా అదే కదా.

మా వంతుగా మేము చేస్తున్నది: ప్రతి పార్టీ లెడ్జర్ పేరు చివర రాష్ట్రం పేరు చేర్పిస్తున్నాం, ఏప్రిల్ 1న సిరీస్ మార్పిస్తున్నాం, ప్రతి నెలా 11వ తేదీకి ముందే పది పెద్ద బిల్లులను పార్టీలతో ఫోన్లో సరిచూస్తున్నాం. వీటిని దాటుకుని వచ్చే తప్పుల గురించే ఈ లేఖ. వచ్చే మండలి సమావేశం ఎజెండాలో దీనికి చోటివ్వండి. అది నవంబర్ 13కు ముందే జరిగితే గత ఆర్థిక సంవత్సరం బిల్లులకూ అక్కరకొస్తుంది.

ఇట్లు,
చిన్న వ్యాపారుల పద్దులు చూసే అకౌంటెంట్లు, టాక్స్ ప్రాక్టీషనర్లు